హన్మకొండకు కొత్తగా వస్తున్నవారికి: చాయ్, కేఫ్, బజారు, సినిమా విషయంలో నా సలహా

మీరు అడిగింది ఇది: విశాఖ నుంచి బ్యాంకు బదిలీ మీద హన్మకొండ వస్తున్నారు. ఇంట్లో భార్య, రెండో తరగతి చదివే పాప. బీచ్ రోడ్డుకు, కేఫ్‌లకు అలవాటు పడ్డారు కాబట్టి ఇక్కడ సాయంత్రాలు, ఆదివారాలు ఎలా గడుస్తాయోనని టెన్షన్. మంచి కేఫ్‌లు, పబ్‌లు, షాపులు, సినిమా హాళ్లు ఉన్నాయా అని అడిగారు.

సూటిగా చెప్తాను. పబ్ కోసం వెతకొద్దు, కేఫ్‌ల మీద పెద్ద ఆశ పెట్టుకోవద్దు. చాయ్‌కి, టిఫిన్‌కి, బజారుకి, సింగిల్ స్క్రీన్ సినిమాకి మాత్రం ఈ ఊరికి వంక పెట్టలేరు. అయితే ఏ గంటకు ఎటు పోవాలో తెలియాలి. వేళ కాని వేళ వెళ్తే ఎంత మంచి చోటైనా చిరాకే పుట్టిస్తుంది.

నా సంగతి కూడా చెప్పాలి కదా. పుట్టి పెరిగింది హన్మకొండలోనే. చాలా ఏళ్లుగా ఇక్కడి హోటళ్లకు, బండ్లకు, కేఫ్‌లకు చాయ్‌పత్తి (టీ పొడి, మేం పత్తి అనే అంటాం) వేస్తున్నాను. మీరు హోటల్‌ను గల్లాపెట్టె వైపు నుంచి చూస్తారు, నేను వంటింటి వైపు నుంచి చూస్తాను. వారానికి ఎంత పత్తి పోతుంది, ఏ రకం అడుగుతారు, బాకీ ఎలా తీరుస్తారు, ఈ మూడూ చూస్తే ఆ చోటు నాలుగు కాలాలు ఉంటుందో లేదో చాలావరకు తెలిసిపోతుంది.

ముందు ఊరి తీరు. వరంగల్, హన్మకొండ, కాజీపేట మూడూ ఒకే కార్పొరేషన్ కింద ఉన్నా దేని దారి దానిదే. వరంగల్ బేరాల ఊరు. ఎనుమాముల మార్కెట్, బట్టల బజార్, బీట్ బజార్ అన్నీ అటే. హన్మకొండలో ఆఫీసులు, కోర్టు, కాలేజీలు, ఆసుపత్రులు. సాయంత్రం తిరిగే జనమంతా ఇక్కడే కనిపిస్తారు. కాజీపేట రైల్వే ఊరు, డ్యూటీలు దిగేవాళ్ల కోసం తెల్లవారకముందే పొయ్యి వెలిగే హోటళ్లు అటు ఉంటాయి. (మీ ఆర్డర్‌లో హన్మకొండ జిల్లా అని, పాత కాగితాల్లో వరంగల్ అర్బన్ అని ఉంటే తికమక పడకండి. వరంగల్ అర్బన్‌కే 2021లో, కొన్ని మండలాలు అటూఇటూ మార్చి, ఈ పేరు పెట్టారు.)

కొత్తగా వచ్చినవాళ్లు ఆఫీసు నుంచి వచ్చి, సాయంత్రం ఆరింటికి బట్టలు కొనడానికి వరంగల్ చౌరస్తాకు బయల్దేరుతారు. దూరం ఆరేడు కిలోమీటర్లే. కానీ ఆ వేళకు దారిలో బస్సులు, ఆటోలు, ట్యూషన్ల నుంచి వచ్చే పిల్లలు నిండి ఉంటారు, బజారులో బండి ఆపే చోటు ఉండదు. ఇంటికొచ్చేసరికి ఊరి మీదే కోపం వస్తుంది. నేను కొనేవన్నీ పొద్దున షాపు తెరిచిన వేళకు వరంగల్‌లో కొంటాను. సాయంత్రం మాత్రం హన్మకొండ దాటను.

చాయ్

పాత ఇరానీ పద్ధతి హోటళ్లు హన్మకొండ చౌరస్తా, వరంగల్ చౌరస్తా, స్టేషన్ రోడ్డు చుట్టుపక్కల ఇంకా ఉన్నాయి. పేర్లు రాయను, ఎందుకంటే వాళ్లలో చాలామందితో నాకు వ్యాపారం ఉంది. ఒకరి పేరు రాసి ఇంకొకరిది వదిలేస్తే న్యాయం కాదు. మీరే గుర్తుపట్టే ఉపాయం చెప్తాను.

పొయ్యి కనిపించేలా నిలబడండి. దాని మీద రెండు గంజులు (పెద్ద గిన్నెలు) ఉండాలి. ఒకదాంట్లో పాలు సన్నటి సెగ మీద చిక్కబడుతూ ఉంటాయి. రెండో గంజులో డికాక్షన్, పైన మూత, దమ్ మీద ఉంటుంది. రెండూ కప్పులోనే కలవాలి. అన్నీ ఒకే గిన్నెలో వేసి మరిగిస్తుంటే, బోర్డు మీద ఏం రాసి ఉన్నా, అది ఇరానీ చాయ్ కాదు. అల్లం, యాలకులు దంచి వేసి బండి మీద మరిగించే చాయ్‌కి దాని రుచి దానికుంది, దాన్ని నేను తక్కువ చేయను. ఇరానీ ధర తీసుకుని అది ఇస్తేనే తప్పు.

పత్తి మంచిదైతే చాలదు, దాన్ని ఎన్నిసార్లు మారుస్తారన్నది ముఖ్యం. ఈ చాయ్‌కి వాడేది డస్ట్ రకం. పొడి సన్నం కాబట్టి రంగు తొందరగా దిగుతుంది, అంతే తొందరగా చేదెక్కుతుంది. గిరాకీ ఉన్న చోట డికాక్షన్ అయిపోతూ ఉంటుంది, కొత్తది పడుతూ ఉంటుంది. గిరాకీ లేని చోట పొద్దున వేసిన పత్తి మీదే నీళ్లు పోసి, ఇంకో గుప్పెడు చల్లి మళ్లీ మరిగిస్తారు. చేదు తెలియకుండా చక్కెర పెంచుతారు. మొదటి గుక్క తియ్యగా ఉండి, మింగాక నాలుక చివర గరుకుగా తగిలితే అది పొద్దుటి డికాక్షనే. నేను మూట దించడానికి వెళ్లినప్పుడు వడపోత గుడ్డ పక్కన పారేసిన పత్తి కుప్పను చూస్తాను. కుప్ప ఇంకా నలుపు తిరిగి ఉంటే వాళ్లు సమయానికి మారుస్తున్నట్టు. పాలిపోయి పీచులా ఉంటే ఆ పత్తిని పిండి పిండి వాడారన్నమాట.

ఇంటికి లూజు పత్తి కొంటే ఒక పరీక్ష చేసి కొనండి. తెల్ల కాగితాన్ని చల్లటి నీళ్లతో తడిపి చిటికెడు పత్తి చల్లి, కాసేపు ఆగి దులపండి. గబగబా ఎర్రటి మరకలు పాకితే రంగు కలిపిన పత్తి. మంచి పత్తి చల్లటి నీళ్లకు అంత తొందరగా రంగు వదలదు. కిలోకు కొంత తక్కువ వస్తుందని ఇలాంటిది అడిగే కొట్లు ఉన్నాయి. నేను వాటికి వేయను.

రాత్రి పొద్దుపోయాక చాయ్ కావాలంటే ఎంజీఎం ఆసుపత్రి చుట్టుపక్కల, వరంగల్ స్టేషన్ ముందు చూడండి. ఆసుపత్రి దగ్గర బండ్లకు పేషెంట్ల వెంట వచ్చినవాళ్లే గిరాకీ. నిద్ర లేక, డబ్బు చూసుకుని ఖర్చుపెట్టేవాళ్లు. వాళ్లకు చిక్కటి చాయ్ పోసి, చిల్లర లేకపోతే "రేపియ్యి అన్నా" అనే బండివాళ్లు నాకు తెలుసు. ఈ ఊళ్లో నేను ఎక్కువ గౌరవించే వ్యాపారులు వాళ్లు.

టిఫిన్

ఇందులో పెద్దగా చెప్పేది లేదు. పొద్దున తొమ్మిదిన్నర లోపల వెళ్లండి, ఆ తర్వాత పెనం మీద దోసె కూడా అలసిపోయి ఉంటుంది. మీకు అల్లం చట్నీ అలవాటు, ఇక్కడ పల్లి చట్నీదే పైచేయి. సాయంత్రం మిర్చి బజ్జీ బండ్ల దగ్గర నూనె రంగు చూసి ఆగండి. సర్వపిండి హోటళ్లలో అరుదు, బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు కలిపి గిన్నెకు అద్ది కాల్చేది, ఇంట్లో చేసిందే రుచి. పక్కింటివాళ్లతో పరిచయం కాగానే వాళ్లే పెడతారు. సంక్రాంతికి సకినాలు కూడా అంతే. స్వీట్ షాపులో ఏడాది పొడుగునా దొరుకుతాయి గాని, పండుగ ముందు వీధిలో నలుగురు ఆడవాళ్లు కూర్చుని చుట్టిన సకినం తిన్నాక అవి నోటికి రావు. మీ ఆవిడను పిలిస్తే తప్పకుండా వెళ్లమనండి.

కేఫ్‌లు

నక్కలగుట్ట, సుబేదారి, కిషన్‌పుర, హంటర్ రోడ్డు వైపు ఏసీ కేఫ్‌లు చాలా వచ్చాయి. విశాఖ నుంచి వస్తున్నారు కాబట్టి పోల్చి చూస్తారు, అందుకే మొహమాటం లేకుండా చెప్తున్నా. కూర్చోవడానికి బాగుంటాయి, కాఫీ మాత్రం సాధారణం. పుట్టినరోజుకో, స్నేహితులతో ఒక గంట మాట్లాడుకోవడానికో వెళ్లండి. మంచి ఫిల్టర్ కాఫీ కావాలంటే పాత టిఫిన్ హోటళ్లలో పొద్దున్నే తాగండి.

కేఫ్‌ల కాఫీ అలా ఉండేది వాటిని పెట్టే పిల్లల్లో ఉత్సాహం లేక కాదు. చదువు అయిపోయిన కుర్రాళ్లు, అమ్మాయిలు ఎంతో ఇష్టంతో పెడుతున్నారు. కానీ పెట్టుబడిలో ఎక్కువ భాగం గోడల బొమ్మలకు, లైట్లకు, అడ్వాన్స్‌కు పోతుంది. వంటింటికి వచ్చేసరికి చెయ్యి బిగుసుకుంటుంది. ఒక కేఫ్ తెరిచిన రోజు నేను సామాన్లు ఇవ్వడానికి వెళ్లాను. గోడకు ఖరీదైన నియాన్ బోర్డు ఉంది, పాలు కాయడానికి సరైన గిన్నె లేదు. అన్నిట్లోకి తక్కువ రకం పత్తి, తక్కువ రకం కాఫీ పొడి అడిగారు. ఏడాది తిరక్కుండానే మూతపడింది. నాకు బాధగా అనిపించింది, ఆ అబ్బాయి మంచివాడు, మనుషులతో బాగా మాట్లాడేవాడు.

నిలబడ్డవాటిలో ఎక్కువ వాటికి పక్కన కాలేజీ ఉంటుంది, ముందు బేకరీ కౌంటర్ ఉంటుంది. పఫ్‌లు, కేకులు రోజూ కదిలితే అద్దె వస్తుంది, పాలు తాజాగా ఉంటాయి. కొత్త కేఫ్‌కు వెళ్తే ముందు బేకరీ కౌంటర్ చూడండి. సాయంత్రానికి ట్రేలు సగం ఖాళీ అయితే కూర్చోండి. నిండుగా, మెరుస్తూ ఉంటే ఒక నీళ్ల సీసా కొనుక్కుని వచ్చేయండి.

చవగ్గా, సందడిగా కావాలంటే కేయూ (కాకతీయ యూనివర్సిటీ) క్రాస్‌రోడ్డు, భీమారం వైపు వెళ్లండి. హాస్టల్ పిల్లలతో నిండి ఉంటుంది. నిట్ గేటు వైపు కూడా అంతే. నిట్‌ను పాతవాళ్లు ఇప్పటికీ ఆర్‌ఈసీ అనే అంటారు, 1959 నుంచి ఉన్న పేరు నోట్లోంచి అంత తొందరగా పోదు.

పబ్, బార్, కల్లు

హైదరాబాద్ తరహా పబ్ బతుకు ఇక్కడ లేదు. బార్ అండ్ రెస్టారెంట్లు ఉన్నాయి, వైన్ షాపుల పక్కన పర్మిట్ రూములు ఉన్నాయి. పర్మిట్ రూము కుటుంబంతో వెళ్లే చోటు కాదు, ఒంటరిగా వెళ్లినా నచ్చదు. పెద్ద హోటళ్లలోని రెస్టారెంట్లకు వెళ్తే భోజనం కూడా పద్ధతిగా ఉంటుంది, పాపతో కూర్చోవచ్చు.

మా ప్రాంతంలో తాగే ముచ్చట అంటే కల్లు. చలికాలంలో ఈత కల్లు, ఎండలు ముదిరేకొద్దీ తాటి కల్లు. పల్లెలో చెట్టు దించిన గౌడన్న దగ్గర పొద్దున్నే తాగితే తియ్యగా ఉంటుంది, ఎండెక్కేకొద్దీ పులుస్తుంది. పక్కన ఉడికించిన గుడాలు (గుగ్గిళ్లు), వేయించిన కోడి ఉంటే ఆదివారం అక్కడే గడిచిపోతుంది. కానీ ఒక్క మాట గట్టిగా చెప్తున్నాను. తెలియని దుకాణంలో కల్లు ముట్టకండి. చెట్లు తక్కువ, తాగేవాళ్లు ఎక్కువ అయిన చోట ఆల్ప్రజోలం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మందులు కలిపిన కల్లు తెలంగాణలో చాలామంది ఇళ్లు కూల్చింది. అది అలవాటైనవాళ్లు ఒక్క రోజు మానేస్తే వణికి, పిచ్చిగా మాట్లాడి ఆసుపత్రి పాలవుతారు. మీ బ్యాంకులో పల్లె నుంచి వచ్చే సహోద్యోగి ఎవరైనా ఉంటే, వాళ్ల ఊరికి పిలిచినప్పుడు, కళ్ల ముందు చెట్టు నుంచి దించిన లొట్టి (కల్లు కుండ)లోదే తాగండి. లేకపోతే లేదు.

సినిమాలు

ఏసీలో, మెత్తటి సీట్లలో, పాపతో చూడాలంటే హన్మకొండలో ఏషియన్ మాల్ ఉంది. నా ఓటు మాత్రం సింగిల్ స్క్రీన్‌కే. బాల్కనీ మొదటి వరుసలో కూర్చుని, కింద నేల అంతా ఈలలు వేస్తుంటే చూసే సినిమా వేరు. ఇంటర్వెల్‌లో చిన్న ఉల్లిగడ్డ సమోసాలు వేడిగా వస్తాయి. మూతపడిన హాళ్లు తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది. అలంకార్ సెంటర్ అంటే ఆటోవాళ్లందరికీ తెలుసు, సినిమా హాలు పేరే ఊరికి గుర్తుగా నిలిచింది.

ధరల సంగతి. 2021 డిసెంబరులో ప్రభుత్వం ఇచ్చిన జీవో ప్రకారం ఏసీ థియేటర్లో గరిష్ఠంగా 150 రూపాయలు, మల్టీప్లెక్స్‌లో మామూలు సీటుకు 250, జీఎస్టీ అదనం. పెద్ద హీరోల సినిమాలకు మొదటి రోజుల్లో పెంచుకోవడానికి ప్రత్యేక అనుమతులు ఇస్తుంటారు. అందుకే పాపతో వెళ్లేవాళ్లు మొదటి వారాంతం వదిలేయండి. ధర దిగుతుంది, తోపులాట ఉండదు, పాపకు తెర కనిపిస్తుంది. సోమవారం నుంచి గురువారం లోపు ఫస్ట్ షో అయితే ఇంకా మంచిది. సింగిల్ స్క్రీన్‌కు వెళ్లేముందు ఒకటే చూసుకోండి, సౌండ్. హాలు పాతదైనా స్పీకర్లు కొత్తగా వేయించినవి ఉన్నాయి, బయట అంతా మెరుగుపెట్టి లోపల మాట అర్థంకానివీ ఉన్నాయి. ఆ హాల్లో ఇంతకుముందు సినిమా చూసినవాళ్లను అడగడం కంటే మంచి దారి లేదు.

బజారు

ఇదే నాకు ఇష్టమైన భాగం.

బట్టలకు వరంగల్ బట్టల బజార్. 1934లో నిజాం కాలంలో పెట్టిన ఆజంజాహీ మిల్లు మూతపడి చాలా కాలమైనా బట్టల వ్యాపారం ఈ ఊరిని వదల్లేదు. హన్మకొండలో పెద్ద షోరూములు వచ్చాయి, ధర రాసి ఉంటుంది, బేరం ఉండదు. బజార్‌లో బేరం ఉంటుంది, కూర్చోబెట్టి పది చీరలు విప్పి చూపిస్తారు. దసరా ముందు పది రోజులు మాత్రం అటు వెళ్లకండి, బతుకమ్మకు చీరలు కొనడానికి చుట్టుపక్కల పల్లెలన్నీ దిగుతాయి.

కిరాణా నెల సామాను బీట్ బజార్‌లో తెచ్చుకుంటే బాగా తేడా పడుతుంది, ముగ్గురి కుటుంబానికి రెండు నెలలకోసారి వెళ్తే చాలు.

కొత్తవాడలో జంపఖానాలు (దర్రీలు) చూడకుండా ఉండకండి. వరంగల్ దర్రీలకు 2018లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది. మగ్గం దగ్గరికి వెళ్తే నేత కార్మికుడు పంజా అనే ఇనుప దువ్వెనలాంటి పనిముట్టుతో పేకను కొట్టి కొట్టి బిగించడం కనిపిస్తుంది. ఆ దెబ్బలోనే దాని ఆయుష్షు ఉంది. కొనేటప్పుడు రెండు పనులు చేయండి. తిప్పి చూడండి, చేత్తో నేసినదానికి పువ్వు రెండు వైపులా ఒకేలా ఉంటుంది. రంగు ఒక వైపే ఉంటే అది అచ్చు వేసింది. తర్వాత వెలుతురుకు ఎదురుగా పట్టండి, నేత బిగువుగా ఉంటే వెలుగు చుక్కలు కనిపించవు. కొత్తవాడలో నేసేవాళ్లు తగ్గిపోతున్నారు, పెద్దవాళ్లే మిగిలారు. దయచేసి అక్కడ గీచి గీచి బేరం ఆడకండి. మా ఇంట్లో నాన్న కొన్న జంపఖానా మీదే నా పిల్లలు పాకారు, ఇప్పటికీ అంచు ఊడలేదు.

మీవైపు ఆవకాయ పెట్టుకుంటారు కాబట్టి మిర్చి సంగతి. ఎండాకాలం మొదట్లో చపాటా రకం అడగండి. టమాటాలా గుండ్రంగా ఉంటుంది, రంగు ఎక్కువ, కారం తక్కువ. 2025లో దానికి కూడా జీఐ వచ్చింది. కారం కోసం కొంచెం తేజ, రంగు కోసం చపాటా కలిపి పట్టించుకుంటే పచ్చడి ఏడాదంతా ఎర్రగా ఉంటుంది. ఎనుమాముల మార్కెట్ రైతులు టిక్కీల్లో (మూటల్లో) తెచ్చి అమ్మే చోటు, మనలాంటివాళ్లు కిలోల్లో కొనేది ఊళ్లోని మిర్చి దుకాణాల్లో. సంచి పైన కాదు, అడుగున చెయ్యి పెట్టి ఒక కాయ తీసి చెవి దగ్గర ఊపండి. గింజలు గలగలమంటే ఎండింది. చప్పుడు లేకపోతే తేమ ఉంది, బూజు పడుతుంది.

పాపతో సాయంత్రం

సముద్రం లేదు గాని భద్రకాళి చెరువు ఉంది. బండ్ మీద నడవడానికి దారి వేశారు, చెరువు మీద నుంచి గాలి వస్తుంది, గుడి కనిపిస్తుంది. హంటర్ రోడ్డులో జూ ఉంది, హన్మకొండలో పబ్లిక్ గార్డెన్ ఉంది. బాలసముద్రంలో కాళోజీ కళాక్షేత్రం 2024లో తెరిచారు, అక్కడ నాటకమో సంగీతమో ఉన్నప్పుడు తీసుకెళ్లండి. చదివే అలవాటుంటే రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం చూడండి, 1904లో, నిజాం రాజ్యంలో, తెలుగు కోసం పెట్టిన గ్రంథాలయం. వేయిస్తంభాల గుడి దగ్గర ఎంగిలిపూల బతుకమ్మ (మొదటి రోజు), పద్మాక్షి గుట్ట దగ్గర సద్దుల బతుకమ్మ (చివరి రోజు) మీ పాప జన్మలో మర్చిపోదు. ఆ రెండు రోజులూ బండి ఇంట్లో పెట్టి నడిచి వెళ్లండి.

మేడారం జాతర రెండేళ్లకోసారి మాఘ మాసంలో వస్తుంది. ఆ వారం హన్మకొండలో రోడ్లు, లాడ్జీలు, హోటళ్లు అన్నీ భక్తులవే. చుట్టాలను వేరే వారం పిలవండి.

ఇల్లు ఇంకా చూసుకోకపోతే ఒక్క విషయం, మీరు అడగలేదు గాని చెప్పాలి. కేఫ్‌లకు, జూకు దగ్గరని హంటర్ రోడ్డు వైపో, నయీంనగర్ నాలా వైపో లోతట్టు కాలనీల్లో తక్కువ అద్దెకు ఇల్లు దొరకొచ్చు. 2020 ఆగస్టులో, 2023 జులైలో ఆ వైపు కాలనీలు నీట మునిగాయి. నేను పత్తి వేసే ఒక చాయ్ బండి 2023లో ఫ్రిజ్‌తో సహా కొట్టుకుపోయింది. అడ్వాన్స్ ఇచ్చేముందు ఓనర్‌ను కాకుండా, ఎదురింట్లో చాలా ఏళ్లుగా ఉంటున్నవాళ్లను అడగండి, నీళ్లు ఏ మెట్టు దాకా వచ్చాయని. వాళ్లు గోడ మీద మరక చూపిస్తారు. పాప స్కూల్ ఎటువైపో రాస్తే, ఏ గల్లీలు ఎత్తులో ఉన్నాయో నేను చెప్తాను.